మొదటిసారి తేనెటీగలు పెంచేవాళ్లు ఏ ఈగ తీసుకోవాలి, ఎన్ని పెట్టెలతో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: నూజివీడు దగ్గర అయిదెకరాల మామిడితోట, గట్ల మీద కొబ్బరిచెట్లు, చుట్టూ మొక్కజొన్న, పామాయిల్. తేనెటీగలు పెంచాలని ఉంది. ఒకాయన యాభై ఇటాలియన్ ఈగల పెట్టెలు ఒకేసారి దింపుతానంటున్నాడు, పెట్టెకు ఏడాదికి ముప్ఫై కిలోల తేనె ఖాయమంటున్నాడు. తీసుకోవచ్చా, తీసుకుంటే ఎప్పుడు? ఈగలు కుడితే ఎలా?

తీసుకోవద్దండి. రెండు పెట్టెల నాటు ఈగలతో మొదలుపెట్టండి. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో తెచ్చుకోండి. మీ చుట్టుపక్కలే పెరిగి, మీ ఎండకీ మీ వానకీ అలవాటుపడ్డ ఈగలనే తెచ్చుకోండి. ఒక పూలకాలం, ఒక వేసవి, ఒక వానాకాలం వాటితో గడిచాక ఇటాలియన్ సంగతి చూడొచ్చు. చాలామంది ముందు ఈగల్ని ఎంచుకుని, తర్వాత వాటికి మేత వెతుకుతారు. అది తలకిందులు వ్యవహారం. మీ తోట చుట్టూ కిలోమీటరు, కిలోమీటరున్నరలో ఏ నెలలో ఏం పూస్తుందో చూసి, ఆ మేతతో ఏ ఈగ బతుకుతుందో దాన్ని తెచ్చుకోవాలి.

ఆయన చెప్పిన ముప్ఫై కిలోలు అబద్ధం కాదు. ఇటాలియన్ ఈగ, అంటే మెల్లిఫెరా, అంత తేనె ఇస్తుంది. కాకపోతే ఆ తేనె ఒక్క తోటలో వచ్చేది కాదు. ఆ లెక్కలో తేనె తీసేవాళ్లు రాత్రిపూట పెట్టెలు లారీకెక్కించి పూల వెంట తిరుగుతారు. ఉత్తరాది వాళ్లయితే చలికాలం రాజస్థాన్ ఆవచేలకు, మార్చిలో బీహార్ లిచీ తోటలకు పోతారు. మన వైపు వాళ్లు వలిసెలు పూసే రోజుల్లో అరకు కొండల మీదికి, ఆ తర్వాత పొద్దుతిరుగుడు, ధనియాల చేలున్న చోటికి వెళ్తారు. లారీ బాడుగ, కాపలా మనిషి, ఎక్కడికక్కడ రైతుతో మాట్లాడుకోవడం అన్నీ అందులో భాగమే. పెట్టె కదలకుండా మీ మామిడితోటలోనే ఉంటే ఆ ముప్ఫైలో సగం కూడా చేతికి రావడం కష్టం. పైగా వానాకాలం నాలుగు నెలలూ యాభై పెట్టెలకు పంచదార పాకం మీరే పోయాలి. మా పక్క ఊళ్లో ఒక రైతు ఇలాగే జూన్ మొదట్లో పెద్ద లాటు దింపించుకున్నారు. దసరా నాటికి సగం పెట్టెల్లో మైనపు పురుగు (ఈగల గూళ్లని తినేసేది) అల్లిన గూళ్లు తప్ప ఈగలు లేవు. ఆయన కష్టపడే మనిషే. మేత లేని కాలంలో మొదలుపెట్టించారు, అంతే.

ఇక ఈగల సంగతి. మన దగ్గర కనిపించేవి అయిదు రకాలు. కొండ తేనెటీగ పెద్ద చెట్లకీ, కొండచరియలకీ, నీళ్ల ట్యాంకులకీ ఒకే పెద్ద పట్టు కడుతుంది. దాన్ని పెట్టెలో పెంచలేం. విసనకర్ర ఆకారంలో పొదల్లో చిన్న పట్టు కట్టే ఈగనూ పెంచలేం. ఈ రెండూ వెలుతురులో, ఒకటే పట్టు కట్టుకునేవి, చీకటి పెట్టెలో నిలవవు. గోడల పగుళ్లలో మైనంతో చిన్న గొట్టంలా వాకిలి కట్టుకునే నల్లటి కుట్టని ఈగలు మరో రకం. వాటి తేనె చాలా కొద్దిగా వస్తుంది గానీ ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకీ, కూరగాయల మడుల్లో పరాగ సంపర్కం కోసం పెంచేవాళ్లకీ మంచివి. పెట్టెలో పెంచి తేనె తీయడానికి మిగిలేవి రెండే: పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండే మన నాటు ఈగ (పుస్తకాల్లో అపిస్ సెరానా ఇండికా అంటారు), ఇటాలియన్ మెల్లిఫెరా.

మెల్లిఫెరా మన దేశంలో నిలదొక్కుకున్నది 1960ల మొదట్లో, కాంగ్రా లోయలోని నగ్రోటా దగ్గర. అక్కణ్ణుంచి పంజాబ్‌కి, తర్వాత దేశమంతా పాకింది. పెద్ద గుంపు, నెమ్మదైన ఈగ, పెట్టె వదిలి పారిపోవడం తక్కువ. అయితే దానికి వరోవా అనే ఎర్రటి నల్లి పెద్ద శత్రువు. ఆ నల్లి అసలు మన నాటు ఈగల మీద పుట్టిందే. నాటు ఈగ తన ఒంటి మీద నల్లిని పట్టి కొరికి పారేస్తుంది, నల్లి ఎక్కువగా మగపిల్లల గదుల్లోనే (గూట్లో మగ ఈగల పిల్లలు పెరిగే గదులు) పెరుగుతుంది కాబట్టి గుంపుకి పెద్ద దెబ్బ ఉండదు. మెల్లిఫెరాకి ఆ నేర్పు తక్కువ. మీరు కనిపెట్టి మందు పెట్టకపోతే ఏడాదికో రెండేళ్లకో పెట్టె ఖాళీ అవుతుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి గుడ్డు ఎక్కడుందో చూడటమే కష్టం, అప్పుడే నల్లుల లెక్క కట్టమంటే ఎలా?

కందిరీగల సంగతీ అంతే. పెద్ద కందిరీగ వాకిలి మీదికి వస్తే మన నాటు ఈగలు పదులకొద్దీ దాని మీద ముసిరి ఉండలా చుట్టేసి, ఒళ్లు వేడెక్కించి లోపలే చంపేస్తాయి. ఆ ఉండ లోపల వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఈగ తట్టుకుంటుంది, కందిరీగ తట్టుకోలేదు. వాకిలి దగ్గర కూర్చుని ఒక్కసారి అది చూస్తే నాటు ఈగ మీద గౌరవం దానంతటదే వస్తుంది.

అలాగని నాటు ఈగతో ఇబ్బందులు లేవని చెప్పను. మొదటిది, పారిపోతుంది. మేత అయిపోయినా, చీమలు పట్టినా, ఎండ నేరుగా కొట్టినా, మీరు రోజూ మూత తీసి చూసినా ఒక మధ్యాహ్నం గుంపు మొత్తం లేచిపోతుంది. రెండోది మైనపు పురుగు. ఈగలు ఆక్రమించని పాత గూళ్లుంటే అందులో సాలెగూడులా దారాలు అల్లేస్తుంది. మూడోది థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్. 1991, 92 ప్రాంతంలో అది కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో నాటు ఈగల పెట్టెల్ని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది. తట్టుకుని మిగిలిన గుంపుల నుంచే మళ్లీ పెంచుకున్నారు. అందుకే ఎక్కడిదో తెలియని గుంపు కంటే, నాలుగైదేళ్లుగా ఒకే చోట నిలబడ్డ గుంపు నుంచి విడదీసిన పెట్టె మేలు. తేనె విషయానికొస్తే మంచి మేతలో నాటు పెట్టెకి ఏడాదికి అయిదు నుంచి ఎనిమిది కిలోలు. మొదటి ఏడాది రెండు మూడు కిలోలు వచ్చినా సంతోషించండి.

మీ తోటలో మేత ఎంతుంది? ఇది మీరు అడగలేదు గానీ, అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. అయిదెకరాల మామిడి చూసి పూత నిండా తేనె ఉంటుందనుకుంటారు చాలామంది. మామిడి పూత మీద ఎక్కువగా వాలేవి దోమల్లాంటి చిన్న ఈగలు, జోరీగలు. తేనెటీగకి మామిడిలో దొరికేది తక్కువ. దానికి తోడు ఆ పూత మీదే తేనెమంచు పురుగుకి మందు కొడతారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మీ తోటలోనే కాదు, పక్క తోటల్లోనూ కొడతారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి పూత మీద పడితే మేతకు వెళ్లిన ఈగ తిరిగి రాదు. ఉదయం నిండుగా ఉన్న వాకిలి సాయంత్రానికి బోసిపోతుంది. కొన్ని వాకిట్లో గిరగిరా తిరుగుతూ, నాలుక బయటపెట్టి పడి ఉంటాయి. అది చూశారంటే కారణం మందే, రోగం కాదు.

కాబట్టి పక్క తోటల వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి. మందు కొట్టేముందు రోజు ఒక్క ఫోన్ చేయమనండి. కొట్టడం తప్పదంటే పొద్దుగూకాక కొట్టమనండి. ఆ రాత్రికి వాకిలికి జాలీ కొట్టి, గాలి ఆడేలా పైన తడిగోనె కప్పి, మర్నాడు మధ్యాహ్నం దాకా మూసి ఉంచండి. మీ తోటలో అయితే పూత విప్పకముందు ఒకసారి, పిందె కట్టాక ఒకసారి కొట్టుకుని, పూత నిండుగా ఉన్నప్పుడు మానేయగలరేమో మీ ఉద్యాన అధికారిని అడగండి.

మీ అసలు బలం కొబ్బరి. కొబ్బరి గెల ఏడాది పొడుగునా విచ్చుకుంటుంది, మకరందం, పుప్పొడి రెండూ ఇస్తుంది. మిగతావేవీ లేని ఆగస్టులో గుంపుని బతికించేది అదే. గట్ల మీద ఎన్ని చెట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. మొక్కజొన్న పుప్పొడి మాత్రమే ఇస్తుంది, పిల్లల్ని పెంచడానికి పనికొస్తుంది గానీ తేనె రాదు. పామాయిల్ మగ గెలల మీద కూడా ఈగలు పుప్పొడి కోసమే వాలతాయి. ఇక తేనె వచ్చేది చెట్ల నుంచి: జీడిమామిడి జనవరి నుంచి మార్చి, నేరేడు, వేప మార్చి ఏప్రిల్, కానుగ ఏప్రిల్ మే, చింత మే జూన్. తుమ్మిపూలు వానల తర్వాత వస్తాయి. రోడ్డు పక్క గడ్డిచామంతిని చిన్నచూపు చూడకండి, ఎండు నెలల్లో పుప్పొడి మూటలు కట్టుకుని వచ్చే ఈగలు చాలావరకు దాని మీద నుంచే వస్తుంటాయి. గట్టు మీద కలుపని గీకేసేముందు ఒకసారి ఉదయం ఎనిమిదింటికి వెళ్లి దాని మీద ఏం వాలుతున్నాయో చూడండి.

అక్టోబరు, నవంబరు అని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వానలు తగ్గి మేత మొదలయ్యే రోజులవి. గుంపు మూడు నెలలు పెరిగి, జీడిమామిడి, వేప వచ్చేసరికి పనిచేసే ఈగలు నిండుగా ఉంటాయి. గుడ్డు పెట్టిన రోజు నుంచి పనిచేసే ఈగ బయటికి రావడానికి మూడు వారాలు కాస్త అటూ ఇటూగా పడుతుంది, ఆ తర్వాత రెండు మూడు వారాలు లోపలి పని చేసి గానీ పూల మీదికి పోదు. అంటే మార్చి తేనె కావాలంటే జనవరిలో రాణి గుడ్లు దండిగా పెట్టాలి. ఫిబ్రవరిలో కొంటే ఆ ఏడాది తేనె మీద ఆశ పెట్టుకోకండి.

పెట్టె కొనేటప్పుడు మూత తెరిపించి చూడండి. తెరవనివ్వకపోతే కొనొద్దు. ఉదయం తొమ్మిది, పదింటికి వెళ్లండి. ముందు వాకిలి దగ్గర పక్కన నిలబడి చూడండి, ఎదురుగా నిలబడొద్దు. కాళ్లకి పసుపు, నారింజ పుప్పొడి మూటలతో ఈగలు వస్తున్నాయంటే లోపల పిల్లలున్నాయి, అంటే రాణి ఉంది. తర్వాత మధ్య ఫ్రేము (ఈగలు గూడు కట్టుకునే చెక్క చట్రం) తీయించి, ఎండ మీ భుజం మీదుగా గదుల్లో పడేలా వంచి పట్టుకోండి. గది అడుగున బియ్యపు నూకలో సగమంత తెల్లటి గుడ్డు నిలబడి కనిపించాలి, గదికొకటే ఉండాలి. ఒక్కో గదిలో రెండు మూడు చెదురుమదురుగా ఉంటే రాణి పోయి పని ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. ఆ పెట్టె వద్దు. మూతపడ్డ పిల్ల గదులు ఫ్రేము మధ్యలో ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉండాలి. మధ్యమధ్య ఖాళీలు ఎక్కువుంటే రాణి ముసలిదైనా అయి ఉండాలి, రోగమైనా ఉండాలి. గదుల్లో పిల్ల నిటారుగా పొడుగ్గా చచ్చి, తల కొంచెం పైకి లేచి, పుల్లతో తీస్తే నీళ్ల సంచిలా ఊడొస్తే అది నేను పైన చెప్పిన వైరస్సే. ఆ యజమాని దగ్గర మరే పెట్టే తీసుకోవద్దు.

ఒక్క విషయంలో మాత్రం భయపడకండి. నాటు ఈగల మగపిల్లల గదుల మూతకి సరిగ్గా నడిమధ్య సూదితో పొడిచినంత సన్నటి రంధ్రం ఉంటుంది. అది వాటి సహజ లక్షణం, మెల్లిఫెరాలో ఉండదు. కొత్తవాళ్లు దాన్ని పురుగు తొలిచిందనుకుని మంచి పెట్టెని వదిలేసి వస్తుంటారు.

కనీసం నాలుగు ఫ్రేముల నిండా ఈగలుండాలి. ధర పెట్టెకి కాదు, ఈగలున్న ఫ్రేముకి మాట్లాడండి. రెండు పెట్టెలు ఎందుకంటే, ఒకదాంట్లో రాణి పోతే రెండోదాన్నుంచి గుడ్లున్న ఫ్రేము తెచ్చి ఇచ్చి కొత్త రాణిని చేయించుకోవచ్చు. ఒక్కటే ఉంటే ఆ అవకాశం లేదు. పైగా ఒకటి బాగుందో లేదో రెండోదాంతో పోల్చితేనే తెలుస్తుంది.

పుట్టలోంచో తొర్రలోంచో గుంపుని పట్టి పెట్టెలోకి ఎక్కించుకోవచ్చు, చాలామంది అలాగే మొదలుపెట్టారు. పిల్ల గూళ్లని కోసి, తలకిందులు కాకుండా ఫ్రేముకి ఆనించి, అరటినారతో కట్టాలి. రెండు మూడు రోజుల్లో ఈగలు మైనంతో అతికించుకుని నారని కొరికి బయట పడేస్తాయి. రాణిని దాటనివ్వని జాలీ వాకిలికి కొన్నాళ్లు పెట్టాలి. కానీ అది తెలిసిన మనిషి పక్కనుండి చేయించాల్సిన పని. మీ అంతట మీరు మొదటిసారే చేయకండి.

పెట్టె కొలత గురించి ఒక మాట. నాటు ఈగకి చిన్న పెట్టె, మెల్లిఫెరాకి పది ఫ్రేముల పెద్ద లాంగ్‌స్ట్రాత్ పెట్టె. దక్షిణాదిలో నాటు ఈగలకి వాడే న్యూటన్ పెట్టె 1910లలో తిరుచిరాపల్లి ప్రాంతంలో పనిచేసిన ఫాదర్ న్యూటన్ పేరున వచ్చింది. ఏ పెట్టెలోనైనా ప్రాణమంతా ఫ్రేముకీ గోడకీ మధ్య సందులో ఉంటుంది. ఆ పెద్ద పెట్టె చేసిన అమెరికా ఆయన లాంగ్‌స్ట్రాత్ 1851లో పట్టుకున్న కిటుకు అదే: మెల్లిఫెరాకి ఆ సందు 9 మిల్లీమీటర్లు దాటితే అందులో అడ్డదిడ్డంగా గూడు కట్టేస్తాయి. నాటు ఈగకి ఇంకాస్త తక్కువ ఉండాలి. ఊళ్లో వడ్రంగితో చేయిస్తే పక్కన ఒక నమూనా పెట్టి కొలిపించండి. పెద్ద పెట్టెలో నాటు ఈగని పెడితే ఆ ఖాళీని కాపు కాయలేక మైనపు పురుగు పాలవుతుంది.

తోటలో పెట్టేది మామిడిచెట్టు నీడన, వాకిలి తూర్పుకి. ఉదయపు ఎండ పడాలి, పన్నెండు తర్వాతి ఎండ పడకూడదు. పిల్లల గదుల దగ్గర వేడిని ఈగలు 34, 35 డిగ్రీల దగ్గర నిలబెట్టుకుంటాయి. బయట 44 ఉంటే సగం ఈగలు నీళ్లు మోయడానికే పోతాయి. అందుకని దగ్గర్లో మట్టి మూకుడులో నీళ్లు, అవి మునిగిపోకుండా నాలుగు గులకరాళ్లు వేసి పెట్టండి. స్టాండు నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లో ఉండాలి, లేకపోతే చీమలు ఒక్క రాత్రిలో పని పూర్తి చేస్తాయి. గిన్నె ఎండిందా లేదా అన్నది వారానికి రెండుసార్లు చూడండి. కొత్త చోటు పాత చోటుకి మూడు కిలోమీటర్లకంటే దూరం ఉండాలి, లేదంటే ఈగలు పాత చోటికే పోతాయి. తెచ్చేది రాత్రిపూట, వాకిలికి జాలీ కొట్టి.

తెచ్చిన వారం దాకా తెరవకండి. ఆ తర్వాత పది రోజులకోసారి చాలు, అదీ పొగ కొద్దిగా వేసి, పది నిమిషాల్లో ముగించాలి. కొబ్బరిపీచు పొగ చల్లగా ఉంటుంది, అదే వాడండి. ఈగలు ఆక్రమించని గూడు కనిపిస్తే వెంటనే తీసేయండి. వానాకాలం పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట లోపల పెట్టండి. పగలు పెట్టినా, బయట ఒలికినా పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి.

కుట్టడం గురించి అడిగారు. కుడతాయి. ముల్లుని గోరుతో గీరైనా, వేళ్లతో పీకైనా వెంటనే తీసేయండి, ఆలస్యమయ్యేకొద్దీ సంచిలోని విషం ఇంకా లోపలికి పోతుంది. కుట్టిన చోట పండిన అరటిపండు వాసన వస్తుంది, అది మిగతా ఈగలకి పిలుపు. పొగ వేసి అక్కణ్ణుంచి తప్పుకోండి. వాపు, దురద మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం మాత్రం మామూలు కాదు, నిమిషాల్లో ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు అలా అయి ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి.

శిక్షణ తప్పకుండా తీసుకోండి. మీ కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) గ్రామీణ టెక్నాలజీ పార్కులో నేర్పిస్తారు. పుణెలో 1962 నుంచి ఉన్న కేంద్ర తేనెటీగల పరిశోధన శిక్షణ సంస్థ కూడా ఉంది. రాయితీల గురించి ఉద్యానశాఖలో కనుక్కోండి, కానీ రాయితీ వస్తుందని పెట్టెల సంఖ్య పెంచకండి. మొదటి ఏడాది రెండు పెట్టెలు నిలిస్తే రెండో ఏడాది వాటినే నాలుగు చేసుకోవచ్చు, ఈగలకి రూపాయి ఖర్చు లేదు.

తేనె తీసేటప్పుడు పెట్టె పై అరలోదే తీయండి, పిల్లలుండే కింది అరలో ఉన్నది వాటి తిండి. ఫ్రేములో ముప్పాతిక గదులకి తెల్లటి మైనం మూత పడ్డాకే తీయాలి. మూత పడకముందు తీస్తే నీటిశాతం ఎక్కువై పులుస్తుంది. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. గూడు పిండకండి, తిప్పే యంత్రంలో తీసి ఖాళీ గూడు మళ్లీ వాటికే ఇచ్చేయండి. రెండు పెట్టెలకి యంత్రం కొనక్కర్లేదు, మీ మండలంలో పెంచేవాళ్లెవరి దగ్గరైనా ఒక రోజుకి అడిగి తెచ్చుకోవచ్చు.

మీ గట్ల మీద, చుట్టుపక్కల కిలోమీటరులో ఉన్న చెట్ల జాబితా, కొబ్బరిచెట్ల సంఖ్య, పక్క తోటల్లో మందు ఎప్పుడు కొడతారో రాసి ఇక్కడ పెట్టండి. పెట్టెలు తోటలో ఏ మూలన పెట్టాలో, రెండే పెట్టాలో మూడు పెట్టొచ్చో దాన్ని చూసి చెప్తాను.